చుట్టరికం లేదని రుజువు

"మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు కారని రుజువేమిటి?" అని అడిగింది వీసా ఆఫీసు గాజు పలకకు అవతల కూర్చున్న అమ్మాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు కాపురం చేసిన ఆడదాన్ని పట్టుకుని అడిగే మాటేనా ఇది? నోటిదాకా వచ్చిన జవాబును మింగేశాను. ఆ గాజు పలకకు అవతల నా పాస్‌పోర్టు ఉంది. దానికీ అవతల, విమానమెక్కితే తప్ప చేరలేనంత దూరంలో, నా మొగుడు వెన్నుపూస విరిగి పడుకుని ఉన్నాడు.

"నేను అనడం లేదండీ, రూలు అంటోంది," అంది ఆ అమ్మాయి నా మొహం చూసి. "మీ పుట్టిన సర్టిఫికెట్లో మీ నాన్నగారి ఇంటిపేరూ, మీవారి పాస్‌పోర్టులో ఇంటిపేరూ ఒక్కటే. దగ్గర రక్తసంబంధం ఉన్నవాళ్ళ పెళ్ళిని ఆ దేశంలో పెళ్ళిగా లెక్కపెట్టరు. మీకు చుట్టరికం లేదని కాగితాలు తెచ్చి చూపించండి."

"ఉన్నదానికైతే కాగితం తెస్తాను గానీ, లేనిదానికి ఎక్కడి నుంచి తెమ్మంటావమ్మా?"

"అది నాకు తెలీదండీ. పదిహేడో తారీఖులోపల ఇవ్వాలి."

టోకెన్ బోర్డు మీద అంకె మారిపోయింది. నా వెనకాయన అప్పుడే మోచేత్తో నన్ను పక్కకు జరుపుతున్నాడు. ఆ రోజు తొమ్మిదో తారీఖు.

మా ఆయన ఆ దేశంలో ఓడలు కట్టే యార్డులో వెల్డరు. రెండో తారీఖున పరంజా మీద నుంచి జారి పడ్డాడు. ఇరవై మూడులోపల ఆపరేషన్ చెయ్యకపోతే కాళ్ళల్లోకి స్పర్శ మళ్ళీ రాదని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ తర్వాత కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషిని రానిస్తారు, అదీ భార్యనైతేనే. ఆ మహానుభావుడేమో "నువ్వొచ్చి పక్కన నిలబడేదాకా ఆపరేషన్ కాగితం మీద నేను సంతకం పెట్టనే" అని ఫోన్లో ఏడుస్తాడు. నలభై అడుగుల ఎత్తున నిప్పులు చిమ్మించే మనిషికి సూది అంటే భయం. తిట్టాను, బతిమాలాను, నా మీద ఒట్టు వేయించాలని చూశాను. ఊహూఁ, వినలేదు. పధ్నాలుగు రోజులు మిగిలాయి.

ఈ ఇంటిపేరు గొడవ నాకు కొత్తేమీ కాదు. అసలు మా పరిచయమే దానివల్ల అయింది. నేను యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తాను. చొక్కా జేబుల మీద పేరు పట్టీలు కుట్టడం నా పని. ఒకరోజు, అప్పట్లో ఆయన పనిచేసిన ఇక్కడి యార్డు నుంచి వచ్చిన కట్టలో ఒక పట్టీ మీద నా ఇంటిపేరే కనపడింది. మా నాన్న, మా బాబాయి తప్ప ఆ ఇంటిపేరు గల మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవడబ్బా వీడు అనుకుంటూ కుట్టాను. చొక్కా తీసుకెళ్ళడానికి అతను వచ్చినప్పుడు, కొలత సరిపోయిందో లేదో చూస్తానన్న వంకతో ముందు గదిలోకి వెళ్ళాను. అంతే, కొంప మునిగింది.

మా అత్తగారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆవిడ మొదట, ఇంటిపేరు ఒకటే కాబట్టి వద్దన్నారు. నలుగురూ అన్నాచెల్లెళ్ళ పెళ్ళి అంటారట. సరే, మనుషుల్ని పెట్టి వాకబు చేయించారు. ఏ సంబంధమూ లేదని తేలింది. తేలాక, ఏ సంబంధమూ లేనివాళ్ళు కాబట్టి వద్దన్నారు. ఎటు తిప్పినా జవాబు సున్నాయే వచ్చే లెక్క అది. మా ఆయన జన్మలో ఒక్కసారి మొండికేశాడు, పెళ్ళయింది.

ఆయన పరాయి దేశం వెళ్ళి మూడేళ్ళు. రెండు గదుల ఇంట్లో నేనూ, ఆవిడా. పోట్లాటలేమీ లేవు. "పాలు పొంగుతున్నాయి", "నీళ్ళొచ్చాయి", "తాళం చెవి గూట్లో పెట్టాను", ఇవీ మా మాటలు. ఒకసారి నాకు విషజ్వరం వస్తే ఆవిడ మూడు రోజులు కుర్చీ కదలకుండా కూర్చుని, గంటగంటకీ నా జ్వరం చూసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశారు. మందులు మింగాను, మర్యాదగా థాంక్స్ చెప్పాను. మనసులో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. దానికి నా కారణం నాకుంది.

వీసాకి వంశం పాత కాగితాలు కావాలన్నారని మాత్రం చెబితే ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. "ఆఫీసులకి ఎన్ని కాగితాలిచ్చినా చాలవు అమ్మాయ్," అన్నారు. అంటూనే మంచం కిందున్న ట్రంకు పెట్టె లాగారు. మామగారి సర్వీసు పుస్తకం, ఆయన తండ్రి స్కూలు సర్టిఫికెట్, తాత పేరున్న ఇంటి దస్తావేజు, అన్నీ తేదీల వరసలో ఉన్నాయి. మా నాన్న బస్సు మెకానిక్. ఆయన దగ్గర దొరికినవి చెదలు తిన్న టీసీ ఒకటి, మా తాత పనిచేసిన మిల్లు గుర్తింపు కార్డు ఒకటి. ఆ కార్డు మీద ఫోటో చెరిగిపోయి మా తాత మీసాలు మాత్రం మిగిలాయి.

వీసా ఆఫీసు పక్క భవనంలో మెట్ల కింద ఫారాలు నింపే పెద్దాయన ఒకరున్నారు. ఒక బల్ల, ఒక ప్రింటరు, రెండు స్టూళ్ళు. పైనుంచి ఎవరు దిగినా ఆయన కాగితాల మీద దుమ్ము రాలుతుంది, ఆయన ఊదేసి మళ్ళీ రాసుకుంటారు. మా కాగితాలన్నీ చూసి రెండు వంశవృక్షాలు గీశారు, పక్కపక్కన.

"రెండు చెట్లమ్మా. ఒకదాని కొమ్మ ఇంకోదానికి ఎక్కడా తగలకూడదు. తగల్లేదు, బాగుంది," అన్నారు. తర్వాత వేలు పైకెత్తి, "వీళ్ళు ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు. మీ అత్తగారికి ముందే చెప్పి పెట్టు తల్లీ, మర్చిపోకు," అన్నారు.

పన్నెండో తారీఖున కాగితాలు ఇచ్చేశాను. అత్తగారికి మాత్రం చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి నేను పాఠం చెప్పడమేమిటని ఊరుకున్నాను. అది ఒక వంకే. అవసరం కన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడాల్సి వస్తుందని మానేశాను, అదీ అసలు సంగతి.

పదిహేడున రమ్మంటే వెళ్ళాను, కౌంటరు దగ్గర ఆ అమ్మాయి ఈసారి నా మొహంలోకి చూడలేదు.

"మీ అత్తగారిని ఫోన్లో అడిగారండీ. మీరు మీవారికి దగ్గర బంధువులని చెప్పారట."

"ఎవరు చెప్పారు?"

"మీ అత్తగారే." కాగితం చూసి చదివింది. "మావారి పెదనాన్న కొడుకు మనవరాలు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనే పెరిగింది. మా సొంత రక్తం."

గాజు పలక అంచు పట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి పెరగడమేమిటి? పెళ్ళికి ముందు ఆవిడ గడప నేను తొక్కింది లేదు. "అబద్ధం! అది పచ్చి అబద్ధం!" అని అరిచాను. హాల్లో అందరూ తలలు తిప్పి చూశారు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, ఇంకొక్క అవకాశం ఉందని చెప్పింది. పంతొమ్మిదో తారీఖు పదకొండింటికి అధికారి ముందు హాజరవ్వాలి. అత్తగారు కూడా రావాలి. పెళ్ళికి ముందే, ఎవరూ వీసా అనుకోనప్పుడే రాసిన కాగితం ఏదైనా ఉంటే తేవాలి. ఇప్పుడు రాయించి తెచ్చేవి ఇక నమ్మరు.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆవిడ వంటగదిలో పీట మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు.

"ఏం పని చేశారత్తయ్యా మీరు? నా మొగుణ్ణి నిలువునా ముంచేశారు కదా!"

ఆవిడ కత్తి పక్కన పెట్టారు. నేను చెప్పినదంతా విన్నారు. వింటుంటే మొహం తెల్లబడిపోయింది.

"నీ కోసమే చెప్పాను," అన్నారు మెల్లగా. "ముప్ఫై ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను అమ్మాయ్. ట్రాన్స్‌ఫర్‌కి తిరిగాను, పెన్షన్‌కి తిరిగాను, మీ మామగారి డెత్ సర్టిఫికెట్‌కి తిరిగాను. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, మనవాళ్ళేనా అని. అవునంటే ఫైలు కదిలేది, కాదంటే మూలన పడేది. అతను ఫోన్ చేసి, ఆ అమ్మాయి మీకు బంధువా అని అడిగాడు. ఎవరో దారినపోయే మనిషి అని చెప్పమంటావా? పరాయిదంటే వీసా ఇస్తారా ఎవరైనా?"

"పరాయిదంటేనే ఇస్తారు! ఆ ఒక్క ముక్కా చెప్పుంటే సరిపోయేది. పెళ్ళికి ముందు నోరారా అన్నారుగా, ఇప్పుడెందుకు రాలేదు నోరు?"

"పెళ్ళికి ముందు నేనేమన్నాను?" అన్నారు ఆవిడ.

నేను గదిలోకి వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

ఇప్పుడు నా కారణం చెప్తాను. పెళ్ళయిన మొదటి నెలలో మా ఆయన పెట్టె సర్దుతుంటే ఒక ఉత్తరం దొరికింది. పెళ్ళికి ముందు, వేరే ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడ కొడుక్కి రిజిస్టరు పోస్టులో పంపినది. ఫోన్లో అరిస్తే వాడు మర్చిపోతాడని, కాగితం మీద పెట్టారు. చించి పారెయ్యాల్సింది పోయి ఆ మొహమాటస్తుడు మడిచి దాచాడు. నేను అది తీసి మిషను సొరుగులో, అడుగున పరిచిన కాగితం కింద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒకరోజు పెద్ద గొడవ రాకపోదు, ఆ రోజు ఆవిడ మొహాన కొట్టాలి అనుకున్నాను. ఆ గొడవ రాలేదు. ఆవిడ నాతో కాస్త ప్రేమగా మాట్లాడినప్పుడల్లా వెళ్ళి ఆ సొరుగు ఒకసారి తెరిచి మూసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరం పట్టుకెళ్ళి మెట్ల కింద పెద్దాయనకు ఇచ్చాను. ఆయన చదివారు. కవరు మీది పోస్టు ముద్ర భూతద్దం పెట్టి చూశారు. చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఇంతకన్నా గట్టి సాక్ష్యం నా సర్వీసులో చూడలేదమ్మా," అన్నారు. ఉత్తరం మడుస్తూ, "ఇది చదువుకుని కూడా ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఎలా ఉన్నావు తల్లీ?" అన్నారు.

"రాసింది తనేనని ఆవిడ ఒప్పుకుంటే చాలా అండీ?"

"అధికారి ముందు నోటితో ఒప్పుకోవాలి. తప్పించుకుంటే మాత్రం అయిపోయినట్టే."

ఆ మధ్యాహ్నం ఉత్తరం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. ఆరేళ్ళుగా ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను ఈ క్షణాన్ని. ఊహల్లో నేను నిటారుగా నిలబడి ఇచ్చేదాన్ని. తీరా ఇచ్చేసరికి నా ముక్కు కారుతోంది.

ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్ళి చదివారు. పై మూలన తేదీ, కింద పొడి అక్షరాల సంతకం, మధ్యలో ముత్యాల్లాంటి దస్తూరి. ముఖ్యమైన చోట్ల ఎర్ర పెన్నుతో కింద గీతలు. నాకు అక్షరమక్షరం కంఠతా వచ్చు.

"ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన వాళ్ళు మనవాళ్ళైపోరు. నేను ఇద్దరు మనుషుల్ని పంపి మూడు తరాల వెనక్కి వాకబు చేయించాను. వాళ్ళ తాతకీ మన తాతకీ, వాళ్ళ ఊరికీ మన ఊరికీ ఏ సంబంధమూ లేదు. ముక్కూ మొహం తెలియని జనం. తండ్రి బస్సుల కింద దూరేవాడు, కూతురు జేబులు కుట్టేది. ఇంటిపేరు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి దూరాలని చూస్తున్నారు. అది నాకు ఏమీ కాదు, ఎప్పటికీ ఏమీ కాబోదు."

చివరి వాక్యం కింద రెండు గీతలున్నాయి.

"నా అక్షరాలే," అన్నారు ఆవిడ. కవరు తిప్పి చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ దగ్గర?" అని అడిగారు.

"పెళ్ళయిన మొదటి నెల నుంచి."

"నీకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఉందా?"

"ఉంది."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. "ఒక్కసారి నా మొహాన కొట్టుంటే సరిపోయేదిగా అమ్మాయ్. తప్పు రాశానని ఆ రోజే ఒప్పుకునేదాన్నిగా. ఇన్నాళ్ళూ ఇది చదువుకుంటూ నాకు అన్నం వడ్డించావా?"

"ఇప్పుడు మీరు ఒప్పుకోవాల్సింది తప్పు రాశానని కాదత్తయ్యా," అన్నాను. ఏడుపు ఆగలేదు. "నిజం రాశానని ఒప్పుకోవాలి. అంతా నిజమేనని చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన కాళ్ళు పోతాయి."

నేను వంగబోతే ఆవిడ నా భుజాలు పట్టి ఆపారు. "వాడు నీకు మొగుడైతే నాకు కొడుకు కాదా? లే," అన్నారు. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, "రేపు ఎన్నింటికి?" అని అడిగారు. ఆవిడ బీరువా తీసి, స్కూలుకు కట్టుకెళ్ళే గంజి పెట్టిన నూలు చీర బయటపెట్టారు.

పంతొమ్మిదిన మమ్మల్ని కూర్చోబెట్టిన గదికి కిటికీ లేదు. బల్లకు అవతల విదేశీ అధికారి, ఆ పక్కనే అనువాదం చెప్పే పడుచుపిల్ల. అధికారికి మన భాష రాదు. ఉత్తరాన్ని ఆ పిల్ల ఒక్కో వాక్యం మన భాషలో పైకి చదివి, తర్వాత వాళ్ళ భాషలో చెబుతోంది. "జేబులు కుట్టేది" దగ్గర ఆగిపోయి నా వైపు చూసింది.

"చదువమ్మా," అన్నారు మా అత్తగారు. "రాయడానికి లేని సిగ్గు చదవడానికెందుకు?"

చివరిదాకా చదివింది. అధికారి ఏదో అడిగారు.

"ఆ రోజు ఏ సంబంధమూ లేదని రాశారు, మొన్న ఫోన్లో సొంత రక్తం అన్నారు. రెండింటిలో ఏది అబద్ధం అని అడుగుతున్నారండీ," అంది పిల్ల.

మా అత్తగారు లేచి నిలబడ్డారు, క్లాసులో నిలబడ్డట్టే.

"ఫోన్లో చెప్పింది అబద్ధం. బంధువులమంటే పని త్వరగా అవుతుందనుకుని, లేని వరస కల్పించి చెప్పాను. నా బుద్ధి గడ్డి తిని చెప్పాను. ఉత్తరంలోది నిజం. అంటే, సంబంధం లేదన్న ముక్క వరకూ నిజం. మిగతాది మాత్రం..."

"అడిగినదానికే చెప్పమంటున్నారండీ," అంది పిల్ల ఇబ్బందిగా.

ఆవిడ కూర్చున్నారు. బల్ల కింద నా మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

"పుట్టుకతో ఈమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"మీ భర్తకి?"

"ఏమీ కాదు."

"పెళ్ళికి ముందు మీ అబ్బాయికి?"

నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళు దిగబడుతున్నాయి. ఇరవై మూడో తారీఖు నా కళ్ళముందు తిరుగుతోంది. చెప్పండత్తయ్యా, చెప్పెయ్యండి, ఆ రోజు రెండు గీతలు గీసి మరీ రాశారే, అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. చెప్పకపోతే బాగుండునని కూడా ఎక్కడో అనిపించింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఏమీ కాదు," అన్నారు ఆవిడ.

అధికారి టైపు చేసుకుని కాగితం ముందుకు జరిపారు. మా అత్తగారు సంతకం చేసి తేదీ వేశారు. చేతి సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, "ఆ ఉత్తరం ఒక్కసారి ఇస్తారా? కింద ఒక్క వాక్యం రాసిచ్చేస్తాను," అని అడిగారు. కుదరదట. సాక్ష్యం మీద ఇక ఎవరూ ఏమీ రాయకూడదట, అసలు ఉత్తరం వాళ్ళ ఫైల్లోనే ఉండిపోతుందట. ఆవిడ పెన్ను మూత పెట్టి మళ్ళీ సంచిలో వేసుకున్నారు. దారిలో బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం.

ఇరవై ఒకటిన పాస్‌పోర్టు చేతికి వచ్చింది. లోపల వీసా ఉంది. తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూశాను. ఆఫీసు మెట్ల మీదే, నాతో వచ్చిన అత్తగారి పక్కన నిలబడి ఆయనకు ఫోన్ చేశాను.

"ఇచ్చారు. రేపు బయల్దేరుతున్నాను. ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టు, లేదా అక్కడికొచ్చి నేనే ఇంకో పూస విరగ్గొడతాను," అన్నాను.

అటునుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. "పెడతానే, పెడతాను. ఎలా ఇచ్చారు? కుదరదన్నారుగా?"

"మీ అమ్మ వచ్చి సాక్ష్యం చెప్పారు."

"అమ్మా? ఏమని చెప్పింది?"

మా అత్తగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"నీ పెళ్ళాం నాకేమీ కాదని మూడుసార్లు చెప్పి, సంతకం పెట్టొచ్చాన్రా," అన్నారు. "నా జన్మలో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఇక నువ్వు లేచి నడవకపోయావో, చూడు."

ఫోన్ నాకిచ్చేసి మెట్ల మీదే కూలబడి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా వెక్కివెక్కి ఏడ్చారు. నేనూ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, రేపటి ప్రయాణానికి సంచిలో ఏమేం సర్దాలో వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు.